చింపాంజీ బలం మనిషికి ఐదింతలా? కండరాల లెక్క చూద్దాం

తమ్మీ, నువ్వు అడిగినవి మూడు. చింపాంజీకి మనిషి కంటే ఐదింతల బలం ఉంటుందని వీడియోల్లో చెప్తున్నది నిజమేనా, మీ నల్గొండ జిమ్‌లో 180 కిలోల డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును తొడల దాకా ఎత్తడం) కొట్టే 85 కిలోల అన్న చింపాంజీతో తాడు లాగితే ఎవరు గెలుస్తారు, మనం కూడా వాటి లెక్క చెట్లెక్కుతూ వేలాడుతూ కసరత్తు చేస్తే అంత బలం వస్తుందా. మహబూబ్‌నగర్‌లో చాలా ఏళ్లు డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పినవాణ్ని, కండరాల పాఠం మొదలుపెట్టగానే వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు ఇదే అడిగేవాళ్లు. కాబట్టి కాస్త ఓపికగా చదువు, పెద్దగానే రాస్తున్నా.

ముందు సూటిగా జవాబు. ఐదింతలు అన్నది తప్పు. కిలోకు కిలో పోల్చి చూస్తే లాగడంలోనూ ఎగరడంలోనూ చింపాంజీ మనిషి కంటే సగటున ఒకటిన్నర రెట్లు మెరుగు, కొన్ని పరీక్షల్లో రెండు రెట్లు దాటి కూడా తేలింది. ఒకటిన్నర అంటే చిన్న తేడా అనుకోకు, నీ అంత బరువే ఉన్నవాడు నీకంటే సగం ఎక్కువ బలంగా ఉంటే కుస్తీలో నీ పని అయిపోయినట్టే. కానీ ఐదు, ఎనిమిది, పది అని చెప్పే అంకెలకు మాత్రం గట్టి ఆధారం లేదు.

మరి ఆ ఐదింతల మాట ఎక్కడిది అంటే, దాదాపు వందేళ్ల కిందటిది. 1920లలో జాన్ బౌమన్ అనే అమెరికన్ న్యూయార్క్ బ్రాంక్స్ జూలో చింపాంజీల బోను దగ్గర బలం కొలిచే డైనమోమీటర్ బిగించి, దానికి తాడు కట్టి ఆ కొస లోపలికి ఇచ్చాడు. బోమా అనే మగ చింపాంజీ ఒంటిచేత్తో 847 పౌండ్లు, అంటే 384 కిలోలు లాగిందని రాశాడు. సుజెట్ అనే ఆడ చింపాంజీ కోపంలో ఉన్నప్పుడు 1260 పౌండ్లు లాగిందట, మన లెక్కలో 570 కిలోల పైమాట, దాని బరువేమో అరవై కిలోల చిల్లర. ఆయన తన కాలేజీలో ఫుట్‌బాల్ ఆడే గట్టి కుర్రాళ్లతో అదే పని చేయిస్తే వాళ్లు దీని దరిదాపుల్లోకి కూడా రాలేదు. అంతే, ఆ అంకె పుస్తకాల్లోకి ఎక్కింది, పుస్తకాల్లోంచి టీవీల్లోకి, టీవీల్లోంచి ఇప్పుడు నీ ఫోన్లోకి వచ్చింది.

నువ్వు జిమ్‌కు పోయే మనిషివి కాబట్టి ఈ 570ని నువ్వే ఒకసారి తూకం వేసి చూడు. 2016లో ఎడ్డీ హాల్ అనే బ్రిటన్ బలశాలి 500 కిలోల డెడ్‌లిఫ్ట్ చేసినప్పుడు ప్రపంచమంతా నోరెళ్లబెట్టింది, ఆ మనిషి బరువు 180 కిలోల పైనే. అరవై కిలోల జంతువు దానికంటే ఎక్కువ లాగిందంటే మనం ఆగి ఆలోచించాలా వద్దా? లాగడం వేరు, ఎత్తడం వేరు, అది ఒప్పుకుంటా. కాళ్లు గోడకు తన్నిపెట్టి ఒళ్లంతా వెనక్కి వేసి లాగితే ఎత్తేదానికంటే పెద్ద అంకె వస్తుంది. పైగా ఒక్కసారిగా గుంజినప్పుడు మీటరు చూపించే అంకెకూ, నిలకడగా లాగి పట్టుకున్నప్పుడు చూపించేదానికీ చాలా తేడా ఉంటుంది. కోపంతో గుంజే జంతువునూ, మర్యాదగా నిలబడి లాగే కాలేజీ పిల్లవాణ్నీ ఒకే గాటన కట్టి పోల్చడంలోనే లోపముంది.

ఆ తర్వాత 1943లో గ్లెన్ ఫించ్ అనే ఆయన ఫ్లోరిడాలోని యర్క్స్ ప్రయోగశాలలో ఈ పరీక్షను ఇంకాస్త జాగ్రత్తగా చేశాడు. ఆయన చూసినదాంట్లో పెద్ద చింపాంజీలు లాగిన బరువు, పెద్ద మగవాళ్లు లాగిన బరువు దాదాపు ఒకటే. చింపాంజీల ఒంటి బరువు తక్కువ కాబట్టి కిలోకు కిలో లెక్కేస్తే వాటిదే పైచేయి, కానీ ఐదింతలు ఎక్కడా కనబడలేదు. విచిత్రం ఏంటంటే ఫించ్ అంకె ఎవరికీ గుర్తులేదు, బౌమన్ అంకె అందరికీ గుర్తుంది. పెద్ద అంకె చెప్పుకోవడానికి బాగుంటుంది కదా.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా తెలుసుకోవాలి, లేకపోతే ఈ పోలికలన్నీ గందరగోళమే. ఒంటి బరువుతో భాగించి చూసినప్పుడు చిన్న జంతువు ఎప్పుడూ పెద్దదానికంటే బలంగా కనబడుతుంది. కండరం ఎంత లాగగలదన్నది దాన్ని అడ్డంగా కోస్తే కనబడే వైశాల్యం ఎంతన్నదాన్ని బట్టి ఉంటుంది, ఒంటి బరువేమో మొత్తం పరిమాణాన్ని బట్టి ఉంటుంది. ఒక జంతువును అన్ని వైపులా రెండింతలు పెద్దది చేశావనుకో, బలం నాలుగింతలు అవుతుంది, బరువు మాత్రం ఎనిమిదింతలు అవుతుంది. వెయిట్‌లిఫ్టింగ్‌లో కేటగిరీలు ఉన్నది ఇందుకే. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో నయీం సులేమానొగ్లు 60 కిలోల విభాగంలో 190 కిలోలు తలపైకి లేపాడు, అంటే ఒంటి బరువుకు మూడింతలు దాటి. వందా నూటయాభై కిలోల లిఫ్టర్లు ఎవరూ తమ బరువుకు మూడింతలు లేపలేదు. మన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో 69 కిలోల విభాగంలో 130 కిలోలు జెర్క్ చేసి కాంస్యం తెచ్చింది, అది ఒంటి బరువుకు దాదాపు రెండింతలు. శిక్షణ ఉన్న మనిషి కూడా కిలోకు కిలో లెక్కలో ఏం తక్కువ వాడు కాదని చెప్పడానికే ఈ పేర్లు తెచ్చా.

మన ఇళ్ల మీద తిరిగే కోతుల్ని చూస్తే కూడా ఇదే భ్రమ కలుగుతుంది. ఏడెనిమిది కిలోల కోతి పిట్టగోడ మీంచి వేపకొమ్మ మీదికి అవలీలగా దూకుతుంటే అబ్బా ఎంత బలం అనిపిస్తుంది, అందులో సగం దాని చిన్న ఒంటి పుణ్యమే. మిగతా సగం మాత్రం నిజంగా కండరంలోని తేడా. 2014లో అచ్చుకెక్కిన ఒక పరిశోధనలో మకాక్ కోతుల్ని (మన ఊళ్లలో తిరిగేవీ ఆ రకమే), చింపాంజీల్ని, మనుషుల్ని ఒకే రకం లాగుడు పరీక్షకు పెట్టారు. మనుషుల్లో యూనివర్సిటీ విద్యార్థులతో పాటు బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు, పర్వతాలెక్కేవాళ్లు కూడా ఉన్నారు. అయినా ఒంటి బరువుతో చూస్తే మనవాళ్లు ఆ రెండింటిలో సగం బలానికి కూడా చేరలేదు. ఆ జంతువులకు ఏ ట్రైనింగూ లేదు, బోనుల్లో తిని కూర్చున్నవే. ఇక 2006లో చింపాంజీకి దగ్గరి చుట్టాలైన బొనోబోల మీద చేసిన పరీక్షలో ముప్పై నాలుగు కిలోలున్న బొనోబో నిలబడినచోట నుంచి తన ఒంటి బరువు కేంద్రాన్ని 70 సెంటీమీటర్లకు పైగా లేపింది, మామూలు మనిషి అందులో సగం లేపితే గొప్ప. కాళ్లు మనవి పొడుగు, ఎగిరింది అది.

సరే, కండరం లోపల ఏముంది? దీనికి నాకు తెలిసినంతలో బాగా జవాబు చెప్పింది 2017లో మాథ్యూ ఓనీల్, ఆయన తోటివాళ్లు చేసిన పని. చింపాంజీల కండరాల్లోంచి చిన్న ముక్కలు తీసి, ఒక్కొక్క తంతువును, అంటే కండరంలోని సన్నని పోగును, విడిగా లాగించి కొలిచారు. ముందు అందరూ అనుకున్నది, చింపాంజీ తంతువే వేరే రకం ఉక్కుతో చేసినట్టు ఉంటుందని. తీరా చూస్తే ఒక్కో తంతువు బలం మనదీ దానిదీ దాదాపు ఒకటే! తేడా అంతా రకాల పాళ్లలో ఉంది. కండర తంతువుల్లో వేగంగా ముడుచుకుని తొందరగా అలిసిపోయేవి ఒక రకం, నెమ్మదిగా ముడుచుకుని గంటల తరబడి అలసిపోకుండా పనిచేసేవి ఇంకో రకం. చింపాంజీలో మూడింట రెండొంతులు వేగంవి. మనిషి కాళ్లూ చేతుల్లో సగటున చూస్తే అంతకంటే ఎక్కువే, డెబ్బై శాతం దాకా, నెమ్మదివి. నాటుకోడిని కోసినప్పుడు చూడు, రోజంతా తిరిగే కాలి ముక్క ఎర్రగా ఉంటుంది, ఎప్పుడో ఒకసారి గోడ మీదికి ఎగరడానికి వాడే రొమ్ము ముక్క తెల్లగా ఉంటుంది, ఆ తేడా ఇదే. దీనికి తోడు చింపాంజీ తంతువులు పొడుగు కూడా ఎక్కువ, కాబట్టి ఒకే సమయంలో ఎక్కువ దూరం ముడుచుకుంటాయి. ఇవన్నీ కంప్యూటర్‌లో పెట్టి లెక్కేస్తే, ఒకే సైజు కండరం తీసుకున్నప్పుడు చింపాంజీది మనకంటే 1.35 రెట్లు ఎక్కువ బలాన్నీ వేగాన్నీ కలిపి ఇవ్వగలదని తేలింది. బోనులో లాగించి, దూకించి కొలిచిన ఒకటిన్నరకు ఇది బాగా దగ్గరగా ఉంది కదా, అందుకే నేను ఈ అంకెను నమ్ముతా.

మధ్యలో ఇంకో రెండు మాటలు, ఎందుకంటే ఇవి కూడా ఎక్కువగా తిరుగుతున్నాయి. ఒకటి, 2004లో బయటపడిన ఎంవైహెచ్16 అనే జన్యువు సంగతి. మనుషుల్లో అది పాడైపోయింది, దాదాపు 24 లక్షల ఏళ్ల కిందట జరిగి ఉంటుందని ఆ పరిశోధకుల అంచనా, మిగతా కోతుల్లో బాగానే పనిచేస్తోంది. దాన్ని పట్టుకుని 'ఆ జన్యువు పోబట్టే మనిషి బలహీనుడయ్యాడు' అంటారు. ఆ జన్యువు పని దవడ కండరాల్లో, చేతులతో దానికి సంబంధం లేదు. రెండోది, 'మనిషి తన బలంలో మూడో వంతే వాడతాడు, చింపాంజీ మొత్తం వాడుతుంది' అనే మాట. కండరానికి బయట నుంచి కరెంటు షాక్ ఇచ్చి ఎంత మిగిలిందో కొలిచే పద్ధతి ఉంది, ఆరోగ్యంగా ఉన్న మనిషి గట్టిగా ప్రయత్నిస్తే తన బలంలో తొంభై శాతానికి పైగా వాడుతున్నట్టు అందులో తేలుతుంది. దాచిపెట్టిన బలం ఏదో లోపల నిద్రపోతూ లేదు.

తంతువుల కథ సగమే, మిగతా సగం ఒంటి కట్టుబాటులో ఉంది. ఒకప్పుడు హైదరాబాద్ నెహ్రూ జూలో సుజీ అనే చింపాంజీ ఉండేది, పిల్లల్ని టూర్‌కు తీసుకుపోతే ముందు దాని చేతులు చూడమనేవాణ్ని. చేతులు కాళ్ల కంటే పొడుగు, వేళ్లు కొక్కాల్లా లోపలికి వంగి, బొటనవేలు మాత్రం పొట్టిగా పక్కకు జరిగి ఉంటుంది. ఒంటి కండలో పెద్ద వాటా భుజాలకు, చేతులకు పోయింది, మనకేమో తొడలకు, పిర్రలకు పోయింది. పాదంలో కూడా బొటనవేలు పక్కకు తిరిగి కొమ్మను పట్టుకుంటుంది, అంటే దానికి పట్టుకునేవి నాలుగు. కాబట్టి చేతులతో చేసే ఏ పోటీ పెట్టినా అది దాని సొంత మైదానంలో ఆడుతున్నట్టే.

ఇక్కడ మన గీత కార్మికుల గురించి చెప్పాలి, ఎందుకంటే చింపాంజీ పనిని మనిషి ఎలా చేస్తాడన్నదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మన జిల్లాల్లో దొరకదు. పొద్దున్నే గౌడన్న తాటిచెట్టు ఎక్కుతుంటే ఒకసారి కిందనుంచి కాదు, పక్కనుంచి చూడు. మోకు నడుము వెనకనుంచి చెట్టును చుట్టుకుని ఉంటుంది, ఒళ్లు వెనక్కి వాలి ఆ మోకు మీద బరువు వేస్తుంది, పాదాలు మొద్దుకు అదిమి ఉంటాయి. వెనక్కి ఎంత వాలితే పాదాలు అంత గట్టిగా చెట్టుకు నొక్కుకుంటాయి, అంత జారకుండా ఉంటాయి. ఒక్క క్షణం ఒళ్లు ముందుకు తెచ్చి మోకును పైకి విసురుతాడు, మళ్లీ వాలి కాళ్లు పైకి జరుపుతాడు. పని అంతా కాళ్లది, చేతులు మోకును నడిపిస్తాయి. చింపాంజీకి ఆ మోకు అక్కర్లేదు, పొడుగు చేతులే మోకు పని చేస్తాయి, చేతులు చాచి మొద్దును పట్టుకుని వెనక్కి వాలి అదే లెక్కలో ఎక్కుతుంది. చేతుల్లో అంత బలం లేని మనిషి, ఆ బరువును తాడు మీదికీ, తనకు బలం ఉన్న కాళ్ల మీదికీ మళ్లించాడు. కత్తులు పెట్టుకునే ముస్తాదు నడుముకు కట్టుకుని, కల్లు లొట్లు తగిలించుకుని, రోజుకు రెండు పూటలా ఇన్ని చెట్లు ఎక్కి దిగుతున్నాడంటే అది ఊరికే రాలేదు.

పాదం సంగతి ఇంకా బాగుంటుంది. చెట్టెక్కేటప్పుడు చింపాంజీ పాదం ముంగాలి వైపు దాదాపు 45 డిగ్రీలు మడుస్తుంది, మామూలు మనిషికి అది పదిహేను ఇరవై డిగ్రీలకే ఆగిపోతుంది, అంతకు మించితే చీలమండ దెబ్బతింటుందని ఒకప్పుడు అనుకునేవాళ్లు. 2013లో ఉగాండాలో తేనె కోసం చెట్లెక్కే ట్వా జాతి వాళ్లను కొలిచి చూస్తే వాళ్ల పాదం చింపాంజీకి సమానంగా మడుస్తోంది, ఎముకలో ఏ మార్పూ లేదు, పిక్క కండరంలోని తంతువులు పక్క ఊరి రైతుల కంటే పొడుగయ్యాయి, అంతే. ఇది నీ మూడో ప్రశ్నకు కూడా పనికొస్తుంది, గుర్తుపెట్టుకో.

మరి మనం పోగొట్టుకున్నదానికి బదులు ఏం దక్కింది? నెమ్మది తంతువులు తక్కువ శక్తితో ఎక్కువసేపు పనిచేస్తాయని చెప్పా కదా. 2007లో ట్రెడ్‌మిల్ మీద చింపాంజీల్నీ మనుషుల్నీ నడిపించి చూస్తే, మనిషి నడకకు అయ్యే ఖర్చు చింపాంజీ నడక కంటే డెబ్బై ఐదు శాతం తక్కువ. అది నాలుగు కాళ్ల మీద నడిచినా రెండు కాళ్ల మీద నడిచినా అంతే. అందుకే అడవిలో చింపాంజీ రోజుకు కొన్ని కిలోమీటర్లకు మించి తిరగదు, మనిషేమో నడుస్తూ నడుస్తూ భూమి మొత్తం నిండిపోయాడు. దీనికి తోడు చెమట. చింపాంజీతో పోలిస్తే మన చర్మంలో చెమట గ్రంథులు పదింతలు ఒత్తుగా ఉంటాయి, పైన బొచ్చు లేదు కాబట్టి చెమట ఆరి ఒళ్లు చల్లబడుతుంది. నల్గొండలో మే నెల 45 డిగ్రీల ఎండలో ఉపాధి పని చేసే ఆడవాళ్లను చూడు, ఆ ఎండలో ఆ పని ఒక గంట చేయడం ఏ చింపాంజీ వల్లా కాదు, ఒళ్లు వేడెక్కి కూలబడుతుంది.

పాలమూరు లేబర్ అంటే దేశమంతా ఎందుకు పేరు? గుంపు మేస్త్రీ వెంట ఊళ్లకు ఊళ్లు వలసపోయి కాలువలు తవ్వారు, డ్యాములు కట్టారు. నాగార్జునసాగర్‌నే తీసుకో, 1955లో శంకుస్థాపన, 1967లో కాలువలకు నీళ్లు, 124 మీటర్ల ఎత్తు, రాతికట్టడం. యంత్రాలు తక్కువ, వేలమంది కూలీలు రాయి మోశారు, తట్టలు ఎత్తారు. అందులో ఏ ఒక్క మనిషి ఎత్తిన బరువు చూసినా రికార్డు పుస్తకంలో రాసేంత ఉండదు. కానీ ఆ బరువును పొద్దున నుంచి పొద్దుగూకే దాకా, మళ్లీ తెల్లారి, మళ్లీ ఆ మరునాడు ఎత్తారు. మనిషి బలం అంటే నా దృష్టిలో ఇదే, ఒక్క గుంజులో కొలిచే మీటరులో ఇది కనబడదు. బలం గురించి మాట్లాడేటప్పుడు ఈ కూలీల్ని లెక్కలోకి తీసుకోకుండా మనిషి బలహీనుడు అని తేల్చేసే వీడియోలంటే నాకు నిజంగా బాధ.

విసరడం ఇంకో సంగతి. చింపాంజీకి భుజంలో అంత బలం ఉండి కూడా రాయి విసిరితే గంటకు 30 కిలోమీటర్ల చిల్లర వేగమే వస్తుంది, అమెరికాలో బేస్‌బాల్ ఆడే పన్నెండేళ్ల పిల్లవాడు దానికి మూడింతల వేగంతో విసురుతాడు. 2013లో నీల్ రోచ్ చేసిన పరిశోధన ప్రకారం చెయ్యి వెనక్కి తీసినప్పుడు మన భుజం చుట్టూ ఉన్న స్నాయువులూ కండరాలూ సాగి శక్తిని దాచుకుంటాయి, వదిలినప్పుడు ఒక్కసారిగా విడుదల చేస్తాయి. భుజం కిందికి దిగి ఉండటం, నడుము విడిగా తిరగగలగడం, ఇవన్నీ కలిస్తేనే అది సాధ్యం. పాలమూరు వైపు జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పిన పెద్దవాళ్లను నువ్వు చూసి ఉండవు, వడిసెలలో రాయి పెట్టి రెండు చుట్లు తిప్పి ఒక కొస వదిలితే ఆ రాయి చేను ఆ చివర పడేది, పిట్టలు లేచిపోయేవి. ఇందులో చేతి కండ కంటే ఏ క్షణాన వదలాలి అన్న అంచనాదే పెద్ద పాత్ర.

ఆ అంచనా, ఆ పట్టు మన నరాలకూ వేళ్లకూ సంబంధించినది. మన బొటనవేలి కొసను వంచడానికి ప్రత్యేకంగా ఒక కండరం ఉంది, చింపాంజీలో అది లేనట్టే. పుట్టపాకలో తేలియా రుమాలుకు దారం మీద చిటికి (రంగు అంటకుండా వేసే కట్టు) కట్టేవాళ్ల వేళ్లు చూస్తే దాని విలువ తెలుస్తుంది. అలన్ వాకర్ అనే శాస్త్రవేత్త 2009లో ఒక వాదన పెట్టాడు, మన నరాలు కండరాన్ని చిన్న చిన్న వంతులుగా, కావలసినంతే కదిలించేలా తయారయ్యాయని, చింపాంజీ నరాలు పెద్ద వంతుల్ని ఒకేసారి లాగుతాయని, అందుకే దానికి గుంజు ఎక్కువ, మనకు నేర్పు ఎక్కువ అని. ఇది వాదనే, తంతువుల సంగతిలా కొలిచి తేల్చింది కాదు, కానీ నాకు సబబుగానే అనిపిస్తుంది.

గొరిల్లా గురించి నువ్వు అడగలేదు కానీ ఎవరో ఒకరు ఎలాగూ అడుగుతారు. పెద్ద మగ గొరిల్లా 160 కిలోల పైన తూగుతుంది, కొవ్వు తక్కువ, పైభాగమంతా కండ. బరువు చూసినా కండ చూసినా ఏ మనిషి కంటే అయినా అది బలమైనదే, అనుమానం లేదు. కానీ 'రెండు టన్నులు లేపుతుంది', 'ఇరవై మంది బలం' లాంటి మాటలు ఎవరూ కొలిచి చెప్పినవి కావు. ఆకులూ వెదురు చిగుళ్లూ తిని అంత కండ ఎలా అని అడుగుతారు, రోజంతా తింటూనే ఉంటుంది, పెద్దపేగులోని సూక్ష్మజీవులు ఆ పీచును పులియబెట్టి శక్తిగా మారుస్తాయి, ఆకుల్లోనూ ప్రొటీన్ ఉంటుంది. ఆ పొట్ట మనకు లేదు, కాబట్టి గొరిల్లా పేరు పెట్టి అమ్మే డైట్‌ల జోలికి పోకు.

ఇప్పుడు తాడు సంగతి. మీ అన్న 85 కిలోలు, మగ చింపాంజీ యాభై కిలోలు అనుకుందాం. యాభైని ఒకటిన్నరతో గుణిస్తే 75, అంటే లాగడంలో అది 75 కిలోల మనిషితో సమానం. నేల మీద కాళ్లు బిగబట్టి నిలకడగా లాగే తాడు పోటీ అయితే, అన్నకు బరువూ ఉంది, కాళ్లలో బలమూ ఉంది, శిక్షణా ఉంది, ఆయనే గెలవొచ్చు, ఎంతసేపు సాగితే అంత ఆయనకే లాభం. అదే పైనుంచి వేలాడుతూ ఒంటిచేత్తో లాగాలి, లేదా ఒక్క గుంజుకు తేలిపోవాలి అంటే చింపాంజీదే. అయితే ఇదంతా మధ్యలో గోడ ఉన్నప్పటి మాట. గోడ లేకపోతే అది తాడు వదిలేసి కోరలతో వస్తుంది, ముందు వేళ్లూ ముఖమూ పట్టుకుంటుంది. జూల్లో పెద్ద చింపాంజీ ఉన్న చోట కీపర్లు మధ్యలో జాలీ ఉంచుకునే పనిచేస్తారు, ఎంత పెంచిన చెయ్యి అయినా సరే. ఒకటిన్నర రెట్లే కదా అని తక్కువ అంచనా వేయకు, బలం కంటే ఆ పళ్లూ ఆ తెగింపూ ప్రమాదం. మన ఊరి కోతి విషయంలోనూ అంతే, ఏడు కిలోలదే కదా అని చేతిలోని కవర్ కోసం దానితో గుంజులాడకు, వదిలెయ్. కరిచినా రక్కినా గాయాన్ని పావుగంట సేపు సబ్బూ నీళ్లతో కడిగి అదే రోజు ఆసుపత్రికి పోయి రేబిస్ టీకా వేయించుకో, పసుపో సున్నమో పెట్టి ఊరుకోవద్దు.

ఇక కసరత్తు చేస్తే ఆ బలం వస్తుందా అంటే, కొంత వస్తుంది, మొత్తం రాదు. బరువులు ఎత్తితే తంతువులు లావవుతాయి, నరాలు వాటిని బాగా వాడుకోవడం నేర్చుకుంటాయి, ఈ రెండూ నిజం. నెమ్మది తంతువులు వేగంవిగా మారిపోవడం మాత్రం పెద్దగా జరగదు, చింపాంజీ పాళ్లు మనకు పుట్టుకతోనే లేవు. ట్వా వాళ్ల పిక్కల సంగతి చెప్పా కదా, చిన్నప్పటి నుంచి రోజూ చేసే పనికి ఒళ్లు బాగా సర్దుకుంటుంది. వేలాడటం, పుల్‌అప్స్, తాడెక్కడం మంచివే, భుజాలకూ పట్టుకూ పనికొస్తాయి, కానీ మొదటి వారంలోనే ఒంటిచేత్తో వేలాడే వీడియోలు చూసి భుజం జార్చుకోకు, రెండు చేతులతో నిమిషం పాటు నొప్పి లేకుండా వేలాడగలిగాక ముందుకు పో. దానితో పాటు వారానికి రెండు మూడు రోజులు దూరం నడువు, బరువు మోస్తూ నడిస్తే ఇంకా మంచిది, మన కండ తయారైంది ఆ పనికే. ఇప్పుడు ఎన్ని పుల్‌అప్స్ చేయగలుగుతున్నావో, భుజానికి పాత దెబ్బలేమైనా ఉన్నాయో రాయి, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తా.